మూడు వందల మందికి ఒక్క పంతులు

లండన్‌కి ఉత్తరంగా యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో, హార్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో హిచిన్ అనే పాత సంత ఊరు ఉంది. అక్కడ క్వీన్ స్ట్రీట్‌లో ఒకదాన్నానుకుని ఒకటి కట్టిన కొన్ని ఇటుక కట్టడాలు కనిపిస్తాయి. ఇప్పుడది మ్యూజియం. ఒకప్పుడు బీదపిల్లల బడి. వీటిలో చెప్పుకోవలసినది 1837లో కట్టిన ఒక పెద్ద గది. విక్టోరియా గద్దెనెక్కిన ఏడాది అది. మూడు వందల మంది మగపిల్లలు ఈ ఒక్క గదిలో కూర్చుని చదువుకునేవారు. వాళ్లందరికీ కలిపి మాస్టరు ఒక్కరే.

అడ్డుగోడలుండవు. ఒకటో తరగతి గది, రెండో తరగతి గది అన్న లెక్కే లేదు. అటు చివర నుంచి ఇటు చివరి దాకా ఒకే చావడి. పైన విశాలమైన కప్పు, అటూ ఇటూ ఎత్తున కిటికీలు. ఇది ప్రార్థనలకో సభలకో కట్టిన హాలేమో అనుకుంటారు కొత్తగా చూసినవాళ్లు. కాదు, పాఠాలు చెప్పడానికే ఇలా కట్టారు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఇలాంటి గదులు ఊరూరా ఉండేవి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బోధన తీరు మారడంతో కొన్నిటిని కూలగొట్టారు, కొన్నిటిని అడ్డుగోడలు పెట్టి ముక్కలు చేశారు. లాంకాస్టర్ పద్ధతి అనే ఆ పాత బోధన తీరు కోసమే కట్టి, పూర్తి రూపంలో నేటికీ నిలిచిన గదిగా తెలిసినది హిచిన్‌లోని ఇదొక్కటే అంటారు.

ఈ పద్ధతికి పేరిచ్చిన జోసెఫ్ లాంకాస్టర్ 1778లో లండన్‌లోని సదక్ పేటలో పుట్టాడు. క్వేకర్ మతస్థుడు. ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే, 1798లో, తండ్రి ఇంట్లో బీదపిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాడు. జీతం ఇచ్చుకోలేని పిల్లలకు ఉచితం. పిల్లలు వచ్చిపడ్డారు. ఇల్లు చాలక బరో రోడ్డులో పెద్ద షెడ్డు వేశాడు. సహాయ ఉపాధ్యాయులను పెట్టుకుందామంటే డబ్బు లేదు. దాంతో చదువు కాస్త ముందుకెళ్లిన పిల్లల చేతే వెనకున్న పిల్లలకు చెప్పించాడు. వాళ్లకు మానిటర్లని పేరు పెట్టాడు. చూస్తుండగానే ఆ బడిలో పిల్లల సంఖ్య వెయ్యికి దగ్గరైంది. 1803లో ఈ పద్ధతి గురించి పుస్తకం రాశాడు. 1805లో మూడో జార్జి రాజు స్వయంగా పిలిపించుకుని మాట్లాడి చందా కూడా ఇచ్చాడు.

లాంకాస్టర్‌లో ఒక మతబోధకుడూ ఉన్నాడు, ఒక మేస్త్రీ కూడా ఉన్నాడు. ఆ మేస్త్రీ 1809లో బడిగది ఎలా కట్టాలో చెబుతూ మరో పుస్తకం వేశాడు. గది పొడవుగా ఉండాలి. 320 మంది పిల్లలకు పొడవు డెబ్బై అడుగులు, వెడల్పు ముప్పై రెండడుగులు చాలు. లెక్క వేస్తే తలకి ఏడు చదరపు అడుగులు వస్తుంది. కిటికీలు నేలనుంచి ఆరడుగుల ఎత్తున పెట్టాలి. వెలుగూ గాలీ వస్తాయి, పిల్లలకు వీధి కనిపించదు, కిటికీ కింద గోడంతా ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ గోడే ఈ పద్ధతికి ఆయువుపట్టు. మాస్టరు బల్ల ఒక చివర, కాస్త ఎత్తైన వేదిక మీద ఉండాలి. నేల వెనక్కి పోయేకొద్దీ కొద్దికొద్దిగా ఎత్తు పెరగాలి, చివరి బెంచీ మీద కూర్చున్నవాడి మొహం కూడా మాస్టరుకి కనిపించాలి గనక. గది మధ్యలో బెంచీలూ బల్లలూ వరసగా ఉండాలి, చుట్టూ గోడల వెంబడి నడవ వదలాలి. బల్లల అంచులూ మూలలూ గుండ్రంగా చెక్కాలని కూడా రాశాడు. మూడు వందల మంది పిల్లలు ఒక్క గంటతో లేచి కదిలితే పదునైన మూలలు ఎన్ని మోకాళ్లను పగలగొడతాయో అతనికి అనుభవమే.

పొద్దున గంట కొట్టగానే సగం మంది బల్లల దగ్గర రాతకు కూర్చుంటారు. తక్కిన సగం గోడల దగ్గరికి వెళ్లి, ఎనిమిదిమందో పదిమందో ఒక జట్టుగా అర్ధచంద్రాకారంలో నిలబడతారు. గోడకు ఒక అట్ట వేలాడుతుంటుంది. పుస్తకంలోని పేజీనే పెద్ద అక్షరాల్లో అచ్చువేసి అట్టకి అతికించారన్నమాట. ఒకే పుస్తకం కొని విడదీసి అతికిస్తే ఇంచుమించు బడి మొత్తానికి సరిపోతుంది. అట్ట పక్కన మానిటరు నిలబడి కర్రతో అక్షరం చూపిస్తాడు. తప్పు చెప్పినవాడు వరసలో కిందికి దిగుతాడు, సరిదిద్దినవాడు అతని చోటుకి ఎక్కుతాడు. మొదటి స్థానంలో నిలబడ్డవాడి మెడలో ఒక బిళ్ల వేలాడుతుంది, అరగంటలో అది ఎన్ని మెడలు మారుతుందో చెప్పలేం. కాసేపటికి మళ్లీ గంట. గోడ దగ్గరివాళ్లు బల్లలకి, బల్లల దగ్గరివాళ్లు గోడకి.

బల్లల వరసలోనూ అంతే పకడ్బందీ. ఒక్కో వరస చివర ఒక చిన్న స్తంభం, దానిమీద తిప్పే పలక. ఒకవైపు ఆ తరగతి అంకె ఉంటుంది. రాత పూర్తయిందని, దిద్దడానికి రమ్మని చెప్పాలంటే మానిటరు రెండో వైపు తిప్పుతాడు. వేదిక మీదున్న మాస్టరుకి నోరు విప్పకుండానే సంగతి తెలిసిపోతుంది. కాగితం, సిరా ఖరీదు గనక అందరికీ పలకలే. 'పలకలు చూపండి' అన్న కేకతో వందల పలకలు ఒక్కసారి పైకి లేస్తాయి. టోపీలు తగిలించడానికి కొయ్యలు కూడా దండగ ఖర్చే అనుకున్నాడు లాంకాస్టర్. ఒక్కో పిల్లాడి టోపీకి దారం కట్టి వీపుమీద వేలాడదీసుకోమన్నాడు.

ఇక పలక కూడా పట్టలేని పసివాళ్లున్నారు. వాళ్లది ముందు వరస, మాస్టరుకి దగ్గరలో. వాళ్ల బల్లకి చుట్టూ చిన్న అంచు ఉంటుంది, లోపల పొడి ఇసుక. మానిటరు ఇసుకని చదును చేస్తాడు, అక్షరం చూపిస్తాడు, పసివాడు వేలితో ఇసుకలో గీస్తాడు. మళ్లీ చదును, మళ్లీ అక్షరం. బలపమూ అరగదు, పలకా పగలదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ చెవులు నిక్కబొడుచుకోవాలి. ఇసుకలో ఓనమాలు దిద్దడం హిచిన్‌కి ఎక్కడినుంచి వెళ్లింది?

ఈ కథలో రెండో మనిషి డాక్టర్ ఆండ్రూ బెల్. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్‌లో 1753లో పుట్టాడు, ఇంగ్లండ్ చర్చిలో ఫాదరీ అయ్యాడు, 1787లో మద్రాసులో దిగాడు. 1789లో అక్కడ ఎగ్మూరులో కంపెనీ సైనికుల అనాథ మగపిల్లల కోసం పెట్టిన ఆశ్రమానికి పెత్తనం అతని చేతికొచ్చింది. ఉన్న టీచర్లు పిల్లలకి ఏమీ చెప్పలేకపోతున్నారు. ఒక ఉదయం గుర్రం మీద వెళుతూ ఒక దేశీయ బడి చూశాడు. పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు రాస్తున్నారు. తిరిగొచ్చి తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. కింది తరగతి టీచరు తనవల్ల కాదన్నాడు. బెల్ ఆ తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడికి అప్పజెప్పాడు. పెద్ద టీచరు చేయలేనిది ఆ పిల్లాడు చేసి చూపించాడు. మెల్లగా ఆశ్రమమంతా పిల్లలకు పిల్లలే చెప్పే బడి అయింది. 1796లో బెల్ ఇంగ్లండ్ తిరిగి వెళ్లి, మరుసటి ఏడాది ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. దీన్ని అక్కడ మద్రాసు పద్ధతి అన్నారు.

ఆ పుస్తకం లాంకాస్టర్ చదివాడు. 1803 నాటి తన పుస్తకంలో బెల్‌కి రుణపడి ఉన్నానని ఒప్పుకున్నాడు కూడా, మరుసటి ఏడు వెళ్లి అతన్ని కలిశాడు. తర్వాత ఇద్దరి మధ్యా చెడింది. నిజానికి చెడింది వాళ్ల వెనకున్న మతవర్గాల మధ్య. బీదవాళ్ల పిల్లలు చర్చి ప్రశ్నోత్తరి నేర్చుకోకుండా బైబిలు చదవడమేమిటని ఇంగ్లండ్ చర్చివాళ్లు కలవరపడ్డారు. పిల్లల పుస్తకాల రచయిత్రి శారా ట్రిమ్మర్ లాంకాస్టర్ మీద కత్తి దూసింది. కవులు సదీ, కోల్‌రిడ్జ్, వర్డ్స్‌వర్త్ బెల్ పక్షం చేరారు. 1811లో బెల్ పద్ధతితో చర్చివాళ్ల నేషనల్ సొసైటీ పుట్టింది. లాంకాస్టర్ పక్షంవాళ్ల సంఘం 1814లో బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీగా పేరు మార్చుకుంది. ఈ రెండో సంఘం పద్ధతిలో నడిచినవే 'బ్రిటిష్ స్కూళ్లు'. హిచిన్ బడి పేరులో బ్రిటిష్ అన్న మాట వచ్చింది అందుకే. ఈ పద్ధతి కనిపెట్టింది నువ్వా నేనా అని దొరలిద్దరి మనుషులూ ఏళ్ల తరబడి కరపత్రాలతో కొట్టుకున్నారు.

ఆ తగవులో చోటు దొరకని మూడో పక్షం ఒకటుంది. మన అరుగుబడి.

అరుగుల మీదా, గుడి మండపాల్లో, చెట్ల కింద నడిచిన ఆ బడులు బెల్ మద్రాసులో దిగడానికి ఎన్నో తరాల ముందునుంచీ ఉన్నవే. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే కన్నడదేశంలో ఒక గుడి ముఖమండపంలో నలుగురు పిల్లలు లెక్కలు నేర్చుకోవడం చూశాడు. రాగం తీస్తూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు, నేలమీద చల్లిన సన్నటి ఇసుకలో వేళ్లతో అంకెలు వేస్తున్నారు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారని అడిగితే, గురువు లేడు, మాకు మేమే అన్నారట.

తెలుగుదేశానికి సంబంధించి ఇంతకన్నా గట్టి సాక్ష్యం బళ్లారి కలెక్టరు కచేరీ నుంచి వచ్చింది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రతి జిల్లాలోనూ బడులెన్ని ఉన్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లకి ఆదేశించాడు. చాలామంది పట్టికలు నింపి చేతులు దులుపుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో ఒక చిన్న గ్రంథమే రాసి పంపాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ ఇతనే. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం సీమ కూడా కలిసే ఉండేది, 1882లో గానీ విడిపోలేదు. క్యాంబెల్ లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు. వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, అరవం బడులు, ఒకే ఒక్క ఇంగ్లీషు బడి.

క్యాంబెల్ నివేదిక పొడి లెక్కలతో ఆగదు. అయిదో ఏట పిల్లవాణ్ని వినాయకుడి పూజ చేయించి, బియ్యంలో వేలు పట్టి రాయించి బడిలో వేస్తారు. పొద్దున ఆరింటికే బడి. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడికి అరచేతిలో సున్న, మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వచ్చేకొద్దీ ఒక్కోటి ఎక్కువ. మొదట నేలమీది ఇసుకలో వేలితో రాయిస్తారు, చేయి తిరిగాక తాటాకు మీద గంటంతో, కడితం మీద బలపంతో. నల్లగా పూతపూసి మడతలు పెట్టిన గుడ్డ పుస్తకం కడితమంటే. పలకలాగే తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. బడిలో ఎక్కువమంది పిల్లలుంటే వాళ్లను తరగతులుగా విడదీసి, కింది తరగతులను పై తరగతి పిల్లలకి అప్పగిస్తారు. అయ్యవారు అందరినీ ఓ కంట కనిపెడుతుంటాడు. ఇంత చవకగా రాత నేర్పడమూ, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకి చెప్పించడమూ మెచ్చుకోదగ్గవనీ, ఇంగ్లండ్‌లో వీటిని అనుకరించడం సబబేననీ క్యాంబెల్ ఆ నివేదికలోనే రాశాడు. కంపెనీ కలెక్టరు సంతకంతో ఉన్న మాట ఇది.

ఇది చదివి ఛాతీ విరుచుకోవడం సులువు. ఆ నివేదికే మరికొన్ని సంగతులూ చెబుతుంది. తొమ్మిది లక్షలకు పైగా జనాభా ఉన్న జిల్లాలో బడికి వెళుతున్నది 6,641 మంది. వాళ్లలో ఆడపిల్లలు అరవై మంది. పిల్లలు వందల పద్యాలు అప్పజెబుతారు గానీ వాటి అర్థం చిలక్కి తెలిసినంత కూడా వాళ్లకి తెలియదని క్యాంబెల్ విసుక్కున్నాడు. బడులు తగ్గిపోతున్నాయని కూడా చెప్పాడు, అందుకు కారణం దాచలేదు. ఇంగ్లండ్ బట్ట వచ్చిపడి ఇక్కడి నేత దెబ్బతింది, జనం బీదవాళ్లయ్యారు, అయ్యవారికి ఇచ్చుకునే శక్తి పోయిందన్నాడు.

శిక్షల విషయంలో రెండు దేశాల బడులూ అన్నదమ్ములే. కప్పుకి కప్పీ వేసి, తాడుకి రెండు చేతులూ కట్టి పిల్లాణ్ని వేలాడదీయడం గురించీ, ఆగకుండా కూర్చుని లేచేలా చేయడం గురించీ క్యాంబెల్ రాశాడు. మన తాతల కబుర్లలో వినిపించే కోదండమూ గుంజీళ్లూ ఇవే. లాంకాస్టర్ హింస కూడదనే క్వేకరు గనక బెత్తం పట్టనన్నాడు. పట్టలేదు సరే, దాని బదులు మెడకి బరువైన కొయ్యదుంగ కట్టించాడు, కాళ్లకి సంకెళ్లు వేయించాడు. మరీ మొండివాణ్ని గోనెలోనో బుట్టలోనో వేసి, పంజరంలో పిట్టలాగా కప్పునుంచి వేలాడదీయమన్నాడు. కొట్టని బడి అని పేరు పడ్డ బడి సంగతి ఇది!

ఇక హిచిన్. అక్కడి విలియం విల్‌షియర్ అనే లాయరు లాంకాస్టర్ ప్రసంగం విని ఆకర్షితుడయ్యాడు. 1810లో బడి పెట్టాడు. కొత్త కట్టడం జోలికి పోలేదు. బీరు కోసం బార్లీ మొలకెత్తించి ఆరబెట్టే పాత షెడ్డొకటి ఖాళీగా ఉంటే అందులోనే మొదలుపెట్టాడు. పొడవాటి షెడ్డు, మధ్యలో గోడల్లేవు, లాంకాస్టర్ పద్ధతికి ఇంకేం కావాలి? హార్ట్‌ఫర్డ్‌షైర్‌లో బీదపిల్లలకి పెట్టిన మొదటి మానిటర్ల బడి అదే. 1824లో విల్‌షియర్ పోయాడు, బడి మాత్రం అతను వదిలివెళ్లిన ఏర్పాట్ల ప్రకారం ధర్మకర్తల చేతుల్లో నడిచింది. 1837లో ఆ షెడ్డు చోట ఇప్పటి పెద్ద గది లేచింది.

ఇటుక అప్పట్లో ఇంగ్లండ్‌లో ఖరీదైన సరుకు. కాల్చే ఖర్చు ఒకటైతే, మీద పన్ను మరొకటి. అమెరికా యుద్ధం ఖర్చు రాబట్టుకోవడానికి 1784లో వెయ్యి ఇటుకలకి ఇంతని వేసిన ఆ పన్నును 1850 దాకా ఎత్తెయ్యలేదు. కిటికీ అద్దం మీద కూడా సుంకం ఉండేది, అది పోయింది 1845లో. 1837లో ఇటుక గోడలు లేపి, ఎత్తున వరసగా కిటికీలు పెట్టి, మూడు వందల మంది బీదపిల్లలకి గది కట్టడమంటే సర్కారుకి రెండు చేతులా పన్ను కట్టడమే. బడుల కట్టడాలకని పార్లమెంటు మొట్టమొదటిసారి డబ్బిచ్చింది 1833లో. మొత్తం ఇరవై వేల పౌండ్లు, దేశమంతటికీ కలిపి. అదీ ఆ రెండు సొసైటీల ద్వారానే, ఊళ్లో చందాలు వసూలైన చోటికే. ఒకటే గది, ఒకటే కప్పు, ఒకటే జీతం అన్న లాంకాస్టర్ లెక్క ధర్మకర్తలకి ఎందుకు నచ్చిందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

గది కట్టడం ఒక ఎత్తు, పిల్లల్ని రప్పించడం మరో ఎత్తు. హిచిన్ చుట్టుపక్కల గోధుమగడ్డితో జడలల్లడం పెద్ద చేతిపని. ఆ జడలతో పక్కనున్న లూటన్‌లో టోపీలు కుట్టేవారు. హిచిన్‌లో గడ్డిజడల సంత జరిగేది. నాలుగైదేళ్ల పిల్ల కూడా అల్లి నాలుగు పెన్నీలు తెచ్చే చోట, పెన్నీ ఫీజు కట్టి బడికి పంపమంటే తల్లికి మనసొప్పడం కష్టం. జడలల్లడం నేర్పే 'బడులు' కూడా వేరే ఉండేవి. వాటిలో చదువు పేరుకే.

మానిటర్ల పద్ధతి అనుకున్నన్నాళ్లు నిలవలేదు. పదేళ్ల మానిటరుకి తెలిసిందే కొంచెం. అర్థం అడిగితే చెప్పలేడు. 1839లో సర్కారు విద్యా సంఘం వేసి ఇన్‌స్పెక్టర్లను పంపడం మొదలెట్టాక ఈ గుట్టు బయటపడింది. వందల గొంతులు ఒకేసారి అరిచే గదిలో ఎవరు ఏం నేర్చుకుంటున్నారని ఇన్‌స్పెక్టర్లు నిలదీశారు. 1846లో కొత్త ఏర్పాటు వచ్చింది. పదమూడేళ్లు నిండిన చురుకైన పిల్లల్ని అయిదేళ్ల ఒప్పందం మీద, సర్కారు జీతం మీద తీసుకుని, మాస్టరు చేత తర్ఫీదు ఇప్పిస్తారు. ఈ పిల్ల టీచర్లు పెద్దయితే శిక్షణ కాలేజీకి పోవచ్చు. మానిటరు అన్నవాడు ఇక బలపాలు పంచడానికే మిగిలాడు.

ఈ మార్పు హిచిన్‌లో ఇటుకల్లోకి దిగింది. పెద్ద గదిని ఆనుకుని 1853లో ఇంకో గది కట్టారు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు సలహా మీదే కట్టారని బడి చరిత్ర చెబుతుంది. ఆ ఇన్‌స్పెక్టరు ఎవరో కాదు, కవి మాథ్యూ ఆర్నాల్డ్. 1851 నుంచి ముప్పై అయిదేళ్లు అతను కవిత్వం పక్కన పెట్టుకుని ఊళ్లు తిరిగి బడులు తనిఖీ చేస్తూనే గడిపాడు. కొత్త గదిలో నేల ఒక్కసారిగా మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. మెట్టుకో బెంచీ వరస. నూటపది మంది మగపిల్లలు ఒకరి తలమీదుగా ఒకరు కిందికి చూస్తూ కూర్చుంటారు. కింద ఒక్క టీచరు నిలబడి అందరికీ ఒకేసారి పాఠం చెబుతాడు. లండన్‌లో శామ్యూల్ వైల్డర్‌స్పిన్, గ్లాస్గోలో డేవిడ్ స్టో పసిపిల్లల బడుల్లో ప్రచారంలోకి తెచ్చిన ఏర్పాటిది.

ఈ రెండు గదులూ పక్కపక్కన ఉండడమే హిచిన్ ప్రత్యేకత. 1837 గదిలో మాస్టరు కాపలాదారు. పాఠం గోడ దగ్గర, పిల్లల నోళ్లలో నడుస్తుంది. 1853 గదిలో పిల్లలు కదలరు, మాస్టరు మాట్లాడతాడు. మన క్లాసురూములు ఈ రెండో గది పిల్లలే, మెట్లు తీసేశారంతే. ఈ మార్పులో పిల్లలు బాగుపడ్డారా అంటే, చదువు నాణ్యతలో బాగుపడ్డారనే చెప్పాలి. ఒకరికొకరు చెప్పుకునే అలవాటు మాత్రం అప్పుడే బడినుంచి పోయింది. దాన్ని మళ్లీ ఇప్పుడు కొత్త విద్యా విధానమని శిక్షణ తరగతుల్లో నేర్పుతున్నారు.

1857లో ఆడపిల్లలకీ పసిపిల్లలకీ వేరే కట్టడం వచ్చింది. 1862లో లండన్ పెద్దలు ఇంకో బండ పడేశారు. పిల్లాడి హాజరుకి నాలుగు షిల్లింగులు, పరీక్షకి ఎనిమిది షిల్లింగులు బడికి సర్కారు గ్రాంటు. చదవడం, రాయడం, లెక్క, ఏ ఒక్కటి తప్పినా రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు మాస్టరు గుండె చేతిలో పట్టుకుని నిలబడేవాడు. దీన్ని పత్రికకెక్కి తిట్టిన సర్కారు ఉద్యోగుల్లో ఆర్నాల్డ్ ఒకడు. పిల్లలను బట్టీ యంత్రాలుగా మార్చే ఈ లెక్కతో చదువు చచ్చిపోతుందన్నాడు. మూడు దశాబ్దాలకు పైగా ఆ కోతలు ఏదో రూపంలో సాగాయి. 1880లో హాజరు నిర్బంధమైంది, 1891లో చాలా బడుల్లో ఫీజు పోయింది, 1905లో హిచిన్ బడికి మరికొన్ని గదులు కలిశాయి. 1969లో పిల్లలు వేరే భవనానికి మారిపోయారు.

పద్ధతి సంగతికొస్తే, అది లోకమంతా తిరిగింది. లాంకాస్టర్ అప్పులపాలై, సొంత సంఘంతోనే తెగతెంపులు చేసుకుని, 1818లో అమెరికా వెళ్లాడు. వెనెజువెలాలో సిమోన్ బొలీవార్ పిలిస్తే కరాకస్‌లో కొన్నాళ్లు బడి నడిపాడు, అక్కడా పడలేదు. 1838లో న్యూయార్క్ వీధిలో గుర్రపుబండి కింద పడి చనిపోయాడు. హిచిన్ గది కట్టి అప్పటికి ఏడాది. బెల్ మాత్రం దర్జాగా వెళ్లిపోయాడు. 1832లో పోతే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పూడ్చారు. అతని డబ్బుతో సెంట్ ఆండ్రూస్‌లో పెట్టిన బడి ఈనాటికీ మద్రాస్ కాలేజీ అన్న పేరుతోనే నడుస్తోంది. ఇసుకబడి తిరిగి మన దేశానికి కూడా వచ్చింది. 1814లో బెంగాల్‌లోని చిన్సురాలో రాబర్ట్ మే అనే మిషనరీ, ఆ తర్వాత శ్రీరాంపూర్ మిషనరీలు, బెల్-లాంకాస్టర్ పద్ధతి అంటూ బడులు తెరిచారు. మన సరుకే, సీమ ముద్రతో తిరిగొచ్చింది.

హిచిన్ కట్టడాలు నిలబడటానికి ఊరివాళ్లే కారణం. పాత బడుల వస్తువులు ఏళ్ల తరబడి పోగుచేసిన జిల్ గ్రే అనే స్థానిక చరిత్రకారిణి సేకరణ ఇప్పుడు ఆ మ్యూజియంలోనే ఉంది. పలకలు, పాత వాచకాలు, బడిగంటలు, అన్నీ చూడొచ్చు. భవనాలను ఒక ట్రస్టు చూసుకుంటోంది. బళ్లారి సీమలోని 226 తెలుగు బడుల్లో ఒక్కదానికీ ఇలాంటి గుర్తు మిగల్లేదు. అరుగుకి శిలాఫలకం ఎవరు వేస్తారు? వాటి ఆనవాలు క్యాంబెల్ నివేదికే.

లండన్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలకేం కొదవ లేదు. సెలవుల్లో పిల్లల్ని కోటలకీ రాజమందిరాలకీ తిప్పేవాళ్లు ఒక పూట హిచిన్‌కీ కేటాయించవచ్చు. కింగ్స్‌క్రాస్‌లో ఎక్కితే గంటలోపే రైలు చేరుస్తుంది. మ్యూజియం అన్ని రోజులూ తెరిచి ఉండదు గనక ముందే వేళలు కనుక్కుని వెళ్లండి.